మొదటి నవల సొంతంగా వేసుకోవాలంటే: ప్యాకేజీకి సంతకం పెట్టే ముందు

మీరు రాసిన దాని సారాంశం ఇది. ఉప్పల్‌లో ఉంటారు, ఉద్యోగం చేసుకుంటూనే అరవై వేల పదాల నవల పూర్తి చేశారు. ఇద్దరు ప్రచురణకర్తలకి పంపితే జవాబు రాలేదు. ఒక సెల్ఫ్ పబ్లిషింగ్ కంపెనీ 85,000 రూపాయల ప్యాకేజీ చెప్పి, అందులో వంద కాపీలు మీకిస్తామంది. అది తీసుకోవాలా, సొంతంగా అచ్చు వేయించుకోవాలా, ఎన్ని కాపీలు వేయాలి, డిసెంబరులో జరిగే హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కి పుస్తకం చేతికి వస్తుందా, ముందుమాట ఎవరితో రాయించాలి అని అడిగారు.

చాలా ఏళ్లుగా తెలుగు పుస్తకాలకి ప్రూఫులు చూస్తున్నాను, ఎడిట్ చేస్తున్నాను. నా నవలలు కూడా నేనే వేసుకున్నాను. అందుకని నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ప్యాకేజీ తీసుకోకండి. మూడు వందల కాపీలు సొంతంగా వేసుకోండి. అచ్చు మీద మిగిల్చిన డబ్బు ఎడిటింగ్ మీద పెట్టండి. డిసెంబరు సంగతి ఇప్పుడే తేల్చుకోవద్దు, రాతప్రతి ఏ స్థితిలో ఉందో చూశాక ఆలోచిద్దాం.

సొంతంగా వేసుకోవడం తక్కువతనం అనే దిగులు మీ ప్రశ్నలో కనిపించింది. అది వదిలేయండి. కందుకూరి వీరేశలింగం గారు రాజమండ్రిలో సొంత పత్రిక, సొంత ప్రెస్సు పెట్టుకుని తన రచనలు తనే అచ్చు వేసుకున్నారు. తెలుగులో సొంత ఖర్చుతో పుస్తకం వేసుకోవడం అప్పటినుంచీ మామూలు విషయమే. కవులైతే ఈరోజుకీ ఎక్కువమంది అలాగే వేసుకుంటున్నారు. పాఠకుడు కొనేటప్పుడు ప్రచురణ సంస్థ పేరు చూసి ఆగిపోడు. రెండు పేజీలు తిరగేసి, అక్షరదోషాలు కనిపిస్తే ఆగిపోతాడు.

అయితే ప్రచురణకర్తల తలుపు పూర్తిగా మూసుకుపోయిందని కూడా అనుకోకండి. రెండు మూడు నెలలు జవాబు రాకపోవడం తిరస్కారం కాదు. చిన్న సంస్థల్లో రాతప్రతులు చదివేది ఒకరో ఇద్దరో ఉంటారు. హైదరాబాద్‌లోనే అన్వీక్షికి, ఛాయ లాంటి సంస్థలు కొత్తవాళ్ల నవలలు వేస్తున్నాయి. మొత్తం నవల పంపి ఊరుకోకుండా, ఒక పేజీ కథాసారం, మొదటి మూడు అధ్యాయాలు పెట్టి మర్యాదగా మరోసారి రాయండి. తానా (ఉత్తర అమెరికా తెలుగు సంఘం) లాంటి సంస్థలు నవలల పోటీలు కూడా పెడుతుంటాయి. ఇక్కడ ఒక జాగ్రత్త. పోటీలకి సాధారణంగా ఎక్కడా ప్రచురణ కాని నవలే పంపాలి. ప్రతిలిపిలోనో ఫేస్‌బుక్‌లోనో సీరియల్‌గా పెట్టేస్తే ఆ అవకాశం పోవచ్చు. కాబట్టి పోటీకి పంపాలా వద్దా అన్నది ముందే తేల్చుకోండి, ఆ తర్వాతే ఆన్‌లైన్లో పెట్టండి.

ఇప్పుడు ప్యాకేజీ విషయం. వాళ్లు పంపిన కాగితంలో డబ్బు ఎంత అన్నదానికంటే ముఖ్యమైనవి నాలుగున్నాయి. హక్కులు ఎవరి దగ్గర ఉంటాయి, ఎంతకాలం? రాయల్టీ పుస్తకం వెల మీద లెక్కగడతారా, ఖర్చులన్నీ తీసేశాక మిగిలే లాభం మీదా? పేజీలు కట్టిన అసలు ఫైలు, ముఖచిత్రం ఫైలు మీకు ఇస్తారా? ఎడిటింగ్ అంటే మనిషి కూర్చుని చదవడమా, పైపైన అక్షరదోషాలు దిద్దడమా? అడిగి చూడండి. చాలాచోట్ల నాలుగోదానికి స్పష్టమైన జవాబు రాదు. తెలుగు ఎడిటర్ ఎవరో పేరు చెప్పమనండి, మీ నవల నుంచే ఓ పది పేజీలు ఎడిట్ చేసి చూపించమనండి. చూపించలేకపోతే మీరు ఇస్తున్న 85,000లో ఎక్కువ భాగం అచ్చుకీ, ఫేస్‌బుక్‌లో వేసే నాలుగు పోస్టర్లకీ పోతున్నట్టే.

హక్కుల గురించి చట్టం ఏమంటుందో తెలిస్తే మీకు ధైర్యంగా ఉంటుంది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం మీరు రాసిన క్షణం నుంచే కాపీరైట్ మీది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కావాలనుకుంటే సాహిత్య రచనకి రుసుము 500 రూపాయలు. రచయిత జీవితకాలం, ఆ తర్వాత మరో 60 ఏళ్లు ఆ హక్కు ఉంటుంది. హక్కు వేరొకరికి రాసివ్వాలంటే అది రాతపూర్వకంగానే ఉండాలి. ఎంతకాలానికో రాయకపోతే అయిదేళ్లని, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకేనని చట్టం అనుకుంటుంది. తీసుకున్న హక్కుని ఏడాదిలోపు వాడకపోతే, ఒప్పందంలో వేరేలా రాసుకుని ఉంటే తప్ప, అది మీకే తిరిగి వస్తుంది. అందుకే కొన్ని ఒప్పందాల్లో ‘అన్ని రూపాల్లో, అన్ని భాషల్లో, శాశ్వతంగా’ అన్న మాటలు కలుపుతారు. సినిమా, వెబ్ సిరీస్, ఆడియో, అనువాదం అన్నీ అందులోకే వస్తాయి. వంద కాపీల కోసం వాటిని వదులుకోవద్దు. ఒప్పందంలో ‘ముద్రిత తెలుగు పుస్తకం, మూడేళ్లు’ అని మాత్రమే ఉండనివ్వండి. దానికి ఒప్పుకోనివాళ్లతో పని పెట్టుకోకండి.

ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకానికి ఉండే గుర్తింపు నంబరు, ఇప్పిస్తామని కూడా వాళ్లు గొప్పగా రాసి ఉంటారు. మన దేశంలో అది ఉచితం. కేంద్ర విద్యాశాఖ కింద ఉన్న రాజా రామ్మోహన్ రాయ్ నేషనల్ ఏజెన్సీ దాన్ని ఇస్తుంది. దాని పోర్టల్‌లో రచయితే స్వయంగా దరఖాస్తు చేసుకోవచ్చు. గుర్తింపు కార్డు, చిరునామా రుజువు, పుస్తకం ముఖచిత్రం లాంటివి అడుగుతారు. మీ పేరు మీద తీసుకుంటే ప్రచురణకర్తగా మీరే నమోదవుతారు. అచ్చు పుస్తకానికి ఒక నంబరు, ఈ-బుక్‌కి వేరే నంబరు కావాలి. మార్పులేమీ లేకుండా మళ్లీ అచ్చు వేస్తే పాత నంబరే సరిపోతుంది. రావడానికి కొంత సమయం పడుతుంది కాబట్టి ముఖచిత్రం సిద్ధమైన రోజే దరఖాస్తు పెట్టేయండి.

ఇక అసలు పని ఎడిటింగ్. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, మొదటి నవలలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే కాబట్టి.

ఎడిటర్‌కి ఇచ్చే ముందు నలుగురైదుగురు పాఠకులకి ఇవ్వండి. వాళ్లలో రచయితలు ఒక్కరి కంటే ఎక్కువ ఉండకూడదు. నవలలు కొని చదివే అలవాటున్న మామూలు మనుషులు కావాలి. ‘ఎలా ఉంది?’ అని మాత్రం అడగకండి. మనవాళ్లు మొహమాటానికి బాగుందంటారు, ఆ మాటతో మీకు ఒరిగేదేమీ లేదు. ‘ఏ పేజీ దగ్గర పక్కన పెట్టారు? మళ్లీ తీయడానికి ఎన్ని రోజులు పట్టింది? ఎవరి పేరు ఎవరిదో తికమక పడ్డారా? ఏ భాగం దాటవేశారు?’ అని అడగండి. ముగ్గురు ఒకే చోట ఆగిపోయారంటే, లోపం వాళ్లలో లేదు, ఆ అధ్యాయంలోనే ఉంది. మొదటి నవలల్లో అది చాలాసార్లు మూడో అధ్యాయం దగ్గర జరుగుతుంది. అక్కడ కథ ఆపి, నాయకుడి బాల్యం, తాతల కాలం నాటి ఊరు అన్నీ ఒకేసారి చెప్పేస్తారు. మీ నవలలోనూ అలాంటి భాగం ఉంటే కొట్టేయనక్కర్లేదు. ముక్కలు చేసి, అవసరమైన చోట్లకి పంచండి.

ఆ దిద్దుబాటు అయ్యాక ఎడిటర్‌కి ఇవ్వండి. మీ కథ హైదరాబాద్‌లో జరుగుతుందని, సంభాషణలు తెలంగాణ మాటలో ఉన్నాయని రాశారు. అయితే ఆ భాష ఇంట్లో మాట్లాడే ఎడిటర్నే వెతకండి. మిగతా విషయాల్లో ఎంత మంచి ఎడిటరైనా, ఆ యాస చెవికి అలవాటు లేకపోతే ‘వస్తున్న’ అని పాత్ర అన్నదాన్ని ‘వస్తున్నా’ అని దీర్ఘం పెట్టి దిద్దేస్తారు. ‘గిట్ల’, ‘గట్ల’ ఒక పేజీలో ఉండి మరో పేజీలో ‘ఇట్లా’, ‘అట్లా’ అయిపోతాయి. ఉప్పల్ పిల్లవాడు, పాతబస్తీ పెద్దాయన, కరీంనగర్ నుంచి వచ్చిన ఆమె ఒకేలా మాట్లాడరు. ఎవరి మాట ఎలా ఉండాలో ఒక కాగితం మీద రాసి, ఎడిటర్‌కీ ప్రూఫ్ రీడర్‌కీ ఇద్దరికీ ఇవ్వండి. అదే కాగితంలో కథనం భాష గురించి కూడా తేల్చేయండి. ‘చేశాడు’ రాస్తారా ‘చేసాడు’ రాస్తారా, ‘నుంచి’నా ‘నుండి’నా, ఇంగ్లిష్ మాటల చివర పొల్లు పెడతారా లేదా, అంకెలు ఎలా వేస్తారు? ఏదైనా ఫరవాలేదు, పుస్తకమంతా ఒకేలా ఉండాలి. ఈ ఒక్క కాగితం ప్రూఫుల దశలో మీకు చాలా టెన్షన్ తగ్గిస్తుంది.

మరో రెండు విషయాలు ఎడిటింగ్ దశలోనే చూసుకోండి. పాత్రలు సినిమా పాటలు పాడుకుంటుంటే ఆ చరణాలు యథాతథంగా అచ్చు వేయకండి. వాటికి అనుమతి కావాలి, అది దొరకడం తేలిక కాదు. ఏ పాటో అర్థమయ్యేలా రెండు మాటల్లో చెప్తే చాలు. అలాగే నిజంగా ఉన్న ఆస్పత్రి, కాలేజీ పేరు పెట్టి అక్కడ అవినీతి జరిగినట్టు కల్పించి రాస్తే చిక్కుల్లో పడతారు. ఆ పేర్లు మార్చేయండి.

తర్వాతది డీటీపీ, అంటే కంప్యూటర్లో పేజీలు కట్టడం. మీరు యూనికోడ్‌లో, అంటే ఏ ఫోన్లోనైనా కంప్యూటర్లోనైనా చదవగలిగే అక్షరాల పద్ధతిలో, టైప్ చేశారు కాబట్టి ఇక్కడ ఒక పెద్ద ప్రమాదం ఉంది. హైదరాబాద్‌లో చాలామంది డీటీపీ వాళ్లు ఇప్పటికీ పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్‌లో ‘అను’ ఫాంట్లతో పని చేస్తారు. చేయి తిరిగినవాళ్లు, పేజీ అందంగా కడతారు. కానీ అను యూనికోడ్ కాదు. మీ ఫైలుని కన్వర్టర్‌లో వేసి మార్చాలి. ఆ మార్పులో ‘హైదరాబాద్‌లో’ అన్నది ద కింద లావత్తుతో ‘హైదరాబాద్లో’ అయిపోవచ్చు. పొల్లు తర్వాత అక్షరం విడిగా నిలబడాలని మీరు పెట్టిన కనిపించని గుర్తు కన్వర్టర్‌లో పోతుంది. సాఫ్ట్‌వేర్, ఫేస్‌బుక్, అపార్ట్‌మెంట్ లాంటి మాటలన్నీ ఇలాగే చెడతాయి. కొటేషన్ గుర్తులు తిరగబడతాయి, మధ్యలో ఉన్న ఇంగ్లిష్ అక్షరాలు గజిబిజి అవుతాయి. కథ ఈ కాలపు హైదరాబాద్‌ది కాబట్టి ఇలాంటి మాటలు ప్రతి పేజీలోనూ ఉంటాయి.

అందుకని ఇన్‌డిజైన్ అనే సాఫ్ట్‌వేర్‌లో యూనికోడ్ ఫాంట్లతో పేజీలు కట్టేవాళ్లని వెతకండి. వాళ్లు వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగ్ పెట్టాలి, లేకపోతే వత్తులు విడిపోతాయి. సిలికానాంధ్ర విడుదల చేసిన మండలి, సూరన్న, రామభద్ర లాంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. అచ్చుకి వాడుకునే లైసెన్స్ కూడా వాటితోనే వస్తుంది. నవల లోపలి పేజీలకి మండలి హాయిగా ఉంటుందని నా అభిప్రాయం. రామభద్ర బరువైన అక్షరం, శీర్షికలకి బాగుంటుంది. నిర్ణయించే ముందు ఒకే పేజీని రెండు ఫాంట్లలో, రెండు సైజుల్లో కాగితం మీద ప్రింట్ తీయించి ఇంట్లో పెద్దవాళ్లకి ఇచ్చి చదివించండి. తెరమీద బాగున్నది కాగితం మీద చిన్నదిగా కనిపించవచ్చు. తెలుగు మాటలు పొడుగు కావడంతో, రెండు వైపులా సమంగా లైన్లు సర్దినప్పుడు మధ్యలో పెద్ద పెద్ద ఖాళీలు పడతాయి. అలాంటి లైన్లు ఎక్కడున్నాయో గుర్తుపెట్టి ఇస్తే డీటీపీ ఆపరేటర్ సర్దుతారు. అడగకపోతే ఎవరూ సర్దరు.

ప్రూఫులు రెండుసార్లు చూడాలి, రెండోసారి చూసేది వేరే మనిషి అయ్యుండాలి. మీ నవల మీకు కంఠతా వచ్చేసి ఉంటుంది, కంటి ముందు తప్పున్నా మనసు ఒప్పు చదివేస్తుంది. కాబట్టి మీరు చూడటం లెక్కలోకి రాదు. ప్రూఫులు కాగితం మీదే చూడండి. ప్రూఫు దశలో కొత్త పేరాలు రాయడం మొదలుపెట్టకండి. ఒక పేరా చేరితే వెనకాల ఉన్న పేజీలన్నీ కదులుతాయి.

అచ్చు లెక్కలోకి వస్తే, నవలకి డెమీ సైజు సరిపోతుంది, అంటే అయిదున్నర బై ఎనిమిదిన్నర అంగుళాలు. చదవడానికి వీలైన అక్షరంతో పేజీకి సుమారు 240 మాటలు పడతాయి. అరవై వేల మాటలంటే 250 పేజీలు. ముందు వచ్చే టైటిల్, అంకితం, ముందుమాట కలిపి 256 పేజీల్లో ఇమిడితే మంచిది. ప్రెస్సువాళ్లు ఫారాల లెక్కన, అంటే కలిపి అచ్చు వేసే 16 పేజీల కట్టల లెక్కన చూస్తారు, 256 అంటే సరిగ్గా 16 ఫారాలు. 258 అయితే ఇంకో ఫారం ఖర్చు పడవచ్చు. లోపలికి 70 జీఎస్ఎం (చదరపు మీటరుకి ఇన్ని గ్రాములని కాగితం బరువు చెప్పే కొలత) కాగితం, అదీ కళ్లకి నొప్పి లేకుండా కాస్త లేత గోధుమ రంగుది అడగండి. అట్టకి 300 జీఎస్ఎం ఆర్ట్ కార్డు, మ్యాట్ లామినేషన్. నవల లావుగా ఉంది కాబట్టి ఫారాలు కుట్టి అతికించే బైండింగ్‌కి ఎంతవుతుందో కూడా కనుక్కోండి. అతికింపు ఒక్కటే అయితే మంచి జిగురు వాడారో లేదో పాత పుస్తకం తెరిచి చూసి తెలుసుకోండి. చిక్కడపల్లి, విద్యానగర్, అజామాబాద్ ప్రాంతాల్లో పుస్తకాలు వేసే ప్రెస్సులున్నాయి. ఫోన్లో రేటు అడగొద్దు. నచ్చిన తెలుగు నవల ఒకటి చేత్తో పట్టుకుని వెళ్లి, ఇలా కావాలని చూపించి, మూడు చోట్ల రాతపూర్వకంగా కొటేషన్ తీసుకోండి.

మూడు వందల కాపీలకి డిజిటల్ ప్రింటింగే నయం. అయిదు వందలు దాటి వేయాలనుకుంటే ఆఫ్‌సెట్ (ప్లేట్లు చేసి వేసే అచ్చు) రేటు కూడా అడగండి, కాపీ ఒక్కంటికి ఖర్చు తగ్గుతుంది. ఆ తగ్గింపు చూసి వెయ్యి వేయించుకుని, మంచాల కింద కట్టలు దాచుకున్నవాళ్లు నాకు చాలామంది తెలుసు. కొత్త రచయిత పుస్తకం మూడు వందలు అమ్మడానికే నిజమైన శ్రమ కావాలి. అయిపోతే మళ్లీ వేసుకోవడం పెద్ద పని కాదు.

డబ్బు లెక్క ఒకసారి వేసి చూపిస్తాను. ఇవి విషయం అర్థం కావడానికి వేసుకున్న అంకెలు. మీ కొటేషన్లు వచ్చాక మార్చుకోండి. ఎడిటింగ్‌కీ ప్రూఫులకీ 25,000, డీటీపీకి 8,000, ముఖచిత్రానికి 7,000 అనుకుందాం. కాపీకి 110 చొప్పున మూడు వందల కాపీలకి 33,000. మొత్తం 73,000. వెల 280 పెట్టారు. వంద కాపీలు మీరే నేరుగా 250కి అమ్మితే 25,000 వస్తాయి. నూట యాభై షాపుల ద్వారా పోతే, 40 శాతం కమిషన్ తీసేశాక కాపీకి 168, అంటే 25,200. మిగిలిన యాభై సమీక్షలకి, లైబ్రరీలకి, సాయం చేసినవాళ్లకి పోతాయి. చేతికి వచ్చేది 50,200. అంటే ఇంకా 22,800 లోటు. అన్నీ అమ్ముడుపోయినా ఇదీ పరిస్థితి. ఇంట్లోవాళ్లకి ఈ లెక్క ముందే చూపించండి. రెండో ముద్రణకి ఎడిటింగ్, డీటీపీ, ముఖచిత్రం ఖర్చులు ఉండవు, లోటు పూడేది అప్పుడే. ప్యాకేజీలో అయితే ఇంతకంటే ఎక్కువ ఇచ్చి మీకొచ్చేది వంద కాపీలు, పైగా రెండో ముద్రణ వాళ్ల చేతిలో ఉంటుంది.

అచ్చు పుస్తకాలకి జీఎస్టీ లేదు. అందువల్ల పుస్తకాలు మాత్రమే అమ్మేవాళ్లు జీఎస్టీ నంబరు లేకుండానే అమెజాన్‌లో అమ్మకందారుగా చేరవచ్చు. అమెజాన్ ఈ-బుక్ వేదిక కిండిల్ సంగతి వేరు. 2016లో కిండిల్ అయిదు భారతీయ భాషలని తెచ్చినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఉన్నాయి, తెలుగు లేదు. ఈ-బుక్ ఆలోచన ఉంటే, వాళ్లు తీసుకునే భాషల పట్టిక ఈరోజు ఎలా ఉందో చూసుకున్నాకే ఫైలు తయారీకి డబ్బు పెట్టండి.

అమ్మకం గురించి చాలామంది చివర్లో ఆలోచిస్తారు. ముఖచిత్రం వేయించేటప్పుడే మొదలుపెట్టాలి. కాచిగూడలో నవోదయ బుక్ హౌస్‌కి ఒకసారి వెళ్లండి. ఒక గంట నిలబడి జనం ఏ నవల తీస్తున్నారు, ఏది తిరిగి పెట్టేస్తున్నారు చూడండి. షాపులు కొత్తవాళ్ల పుస్తకాలు అమ్మాక లెక్క ఇచ్చే పద్ధతిలోనే తీసుకుంటాయి. ఎన్ని కాపీలు, ఏ తేదీన, ఎంత కమిషన్‌కి ఇచ్చారో రసీదు రాయించుకోండి. మూడు నెలలకోసారి మీరే వెళ్లి లెక్క అడగాలి. హైదరాబాద్‌తో ఆపకండి, విజయవాడలో కనీసం ఒక దుకాణంలో ఉండాలి. లోగిలి లాంటి తెలుగు పుస్తకాల వెబ్‌సైట్లలో పెడితే ఊళ్లలో ఉన్నవాళ్లకి అందుతుంది. వాట్సాప్‌లో ఆర్డర్ తీసుకుని యూపీఐతో డబ్బు వేయించుకోవడం అన్నిటికంటే మేలు, ఆ కాపీ మీద కమిషన్ పోదు. ఎవరు కొన్నారో పేరు, ఊరు రాసిపెట్టుకోండి. రెండో నవలకి మొదటి పాఠకులు వాళ్లే.

పోస్టు ఖర్చు కూడా వెలలో ఆలోచించుకోవాలి. 256 పేజీల డెమీ పుస్తకం అట్టతో కలిపి సుమారు 290 గ్రాములు తూగుతుంది, ప్యాకింగ్‌తో 300 దాటుతుంది. తపాలా శాఖ 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్ట్ అని పుస్తకాల కోసం తెచ్చింది. 300 గ్రాముల వరకు 20 రూపాయలు, అయిదు కిలోలకి 100, పన్నులు అదనం. అది విద్యా, సామాజిక, సాంస్కృతిక, మతపరమైన పుస్తకాల కోసం ఉద్దేశించింది కాబట్టి నవలని తీసుకుంటారో లేదో మీ పోస్టాఫీసులో ఒక కాపీ చూపించి అడగండి.

ఆవిష్కరణ సభ పెట్టాలనిపిస్తే పెట్టండి, అది మీ సంతోషం. బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం, చిక్కడపల్లి త్యాగరాయ గానసభ, బంజారాహిల్స్ లామకాన్ లాంటి చోట్ల చిన్న సభలు జరుగుతూనే ఉంటాయి. వేదిక మీద ఎనిమిది మంది వద్దు. నవల పూర్తిగా చదివిన ఇద్దరు చాలు, ఒక్కొక్కరికి పదిహేను నిమిషాలు. చదవని పెద్దమనిషిని ముఖ్య అతిథిగా పిలిస్తే ఆయన నవల గురించి కాకుండా నవలా సాహిత్యం గురించి మాట్లాడి వెళ్లిపోతారు. సభకి వచ్చినవాళ్లకి ఉచితంగా పంచకండి. ద్వారం దగ్గర బల్ల వేసి తగ్గింపు ధరకి అమ్మండి. ఉచితంగా ఇచ్చే కాపీలు సమీక్ష రాసేవాళ్లకి పంపండి. ఈమాట, సారంగ లాంటి వెబ్ పత్రికలు, దినపత్రికల పుస్తకాల పేజీలు ఉన్నాయి. ప్రతి కాపీతో పాటు నవల దేని గురించో నాలుగు లైన్లు రాసి పెట్టండి.

ముందుమాట లేకపోయినా నష్టం లేదు. పేరున్నవాళ్ల కోసం నెలల తరబడి ఎదురుచూసి పుస్తకం ఆపుకోకండి. ఎవరైనా ఇష్టంగా చదివి రాస్తే రెండు పేజీలు దాటనివ్వకండి, కథ చెప్పేయకుండా చూసుకోండి. కథ తెలిసిపోయేలా ఉంటే పుస్తకం చివర వేయండి.

ఇక డిసెంబరు. మీరు అడిగేటప్పటికి ఆగస్టు నడుస్తోంది. చదివినవాళ్ల మాట వినడానికి ఒక నెల, మీరు తిరగరాయడానికి కనీసం ఒక నెల, ఎడిటింగ్‌కి ఒక నెల, డీటీపీ, రెండు ప్రూఫులు, అచ్చు కలిపి ఇంకో నెలా నెలన్నర. ఎక్కడా ఏదీ ఆలస్యం కాకపోతే డిసెంబరు చివరికి వస్తుంది, అప్పటికి బుక్ ఫెయిర్ ముగింపుకి వచ్చేస్తుంది. పైగా నవంబరు, డిసెంబరుల్లో ప్రెస్సులకి ఊపిరాడదు, అందరూ ఆ తేదీకే పరిగెత్తుతుంటారు. హడావిడిలో ముందు కోసేసేది రెండో ప్రూఫునే. నా సలహా, ఈ డిసెంబరులో బుక్ ఫెయిర్ జరిగే ఎన్టీఆర్ స్టేడియానికి పాఠకులుగా వెళ్లండి. కొత్త నవలల కాగితం, అక్షరం, వెల, వెనక అట్ట మీద రాసిన మాటలు గమనించండి. మీ పుస్తకాన్ని ఏ స్టాల్‌లో పెట్టాలనిపిస్తుందో చూసి వాళ్లతో పరిచయం చేసుకోండి. వచ్చే ఫిబ్రవరి, మార్చిలో తీరిగ్గా పుస్తకం తెచ్చుకుంటే, పై డిసెంబరు నాటికి సమీక్షలు వచ్చిన పుస్తకంగా బుక్ ఫెయిర్‌కి వెళ్తుంది. ఒక్క పుస్తకానికి సొంతంగా స్టాల్ అద్దె కట్టడం మాత్రం గిట్టుబాటు కాదు. తెలిసిన దుకాణం వాళ్లకో ప్రచురణ సంస్థకో ముప్పై కాపీలు ఇచ్చి, సాయంత్రాలు మీరు అక్కడ నిలబడండి.

పుస్తకం వచ్చాక మర్చిపోకూడనిది ఒకటుంది. 1954 నాటి చట్టం ప్రకారం ప్రచురణకర్త నాలుగు గ్రంథాలయాలకి 30 రోజుల్లోపు ఒక్కో కాపీ సొంత ఖర్చుతో పంపాలి. కోల్‌కతా నేషనల్ లైబ్రరీ, చెన్నై కన్నెమరా, ముంబయి సెంట్రల్ లైబ్రరీ, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీ. ఇక్కడ ప్రచురణకర్త మీరే కాబట్టి ఆ బాధ్యతా మీదే. అలాగే అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీకి, సుందరయ్య విజ్ఞాన కేంద్రం గ్రంథాలయానికి ఒక్కోటి ఇచ్చి రండి.

ఈ వారం చేయాల్సింది మాత్రం చిన్నదే. ప్యాకేజీ కంపెనీకి ఇప్పుడు వద్దని మెయిల్ పెట్టండి. రాతప్రతి అయిదు సెట్లు ఒకవైపే ప్రింట్ తీయించి, పక్కన రాసుకునేందుకు జాగా వదిలి, స్పైరల్ బైండింగ్ చేయించి, మీరు నమ్మే అయిదుగురికి ఇవ్వండి. పైన చెప్పిన ప్రశ్నలు మొదటి పేజీలో రాసిపెట్టండి. వాళ్ల జవాబులు వచ్చాక, ఎడిటర్ని వెతికే ముందు, మూడో అధ్యాయం నాకు పంపితే చదివి చెప్తాను.